నెపోలియన్ సైన్యంలో తప్పిపోయిన ఒక కుర్రాడి జాడ కోసం: నా అనుభవం

నెపోలియన్ అనగానే మనకు పైనుంచి చూసిన కథే గుర్తొస్తుంది. ఆస్టర్‌లిట్జ్, మాస్కో, వాటర్లూ. ఏ జనరల్ ఎటు నుంచి వచ్చాడు, ఫిరంగులు ఏ దిబ్బ మీద పెట్టారు, ఎక్కడ ఎవరు వెనక్కి తగ్గారు. ఆ ఫిరంగి పక్కన నిలబడ్డవాడు ఏ ఊరివాడు, శత్రువుకు చిక్కాక ఏమయ్యాడు, ఇంటి దగ్గర కన్నవాళ్లకు కబురు ఎవరు చెప్పారు అన్నవి మాత్రం పనిగట్టుకుని వెతికితేనే దొరుకుతాయి. నేను ఆ వెతుకులాటలో పడింది మా ఇంటి ఓనరమ్మ వల్ల.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మేము ఉంటున్నది ఆవిడ ఇంటి పై వాటాలో. ఎనభై దాటిన మనిషి, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా పిల్లలు మామ్మగారూ అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. వాళ్ల ముత్తాత తండ్రికి ఒక అన్న ఉండేవాడట. నెపోలియన్ సైన్యంతో స్పెయిన్ వెళ్లి తిరిగి రాలేదట. ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్నది ఆ ఒక్క ముక్కే. ఎక్కడ చనిపోయాడో, అసలు చనిపోయాడో లేదో ఎవరికీ తెలియదు. "నాకు చూపు ఆనడం లేదు. నువ్వు కూర్చుని చూడగలిగితే చూడు నాయనా, నేను పోయేలోగా తెలిస్తే చాలు" అన్నారు. ఆ మాట విన్నాక కాదనబుద్ధి కాలేదు.

చేతిలో ఉన్నది పేరు, ఊరు. ఆ కాలపు ఫ్రాన్స్‌లో మనిషిని వెతకడానికి అవి రెండూ సరిపోతాయి. 1792కి ముందు పుట్టినవాళ్ల వివరాలు చర్చి బాప్టిజం పుస్తకాల్లో ఉంటాయి, ఆ తర్వాతివి మునిసిపల్ రిజిస్టర్లలో ఉంటాయి. విప్లవ ప్రభుత్వం పెట్టిన కొత్త కాలెండర్ 1806 జనవరి 1 దాకా నడిచింది కాబట్టి మధ్యలో తేదీలన్నీ మార్చుకుంటూ చదవాలి. మన కుర్రాడు 1788లో పుట్టాడు. పూజారి లాటిన్ కలిసిన ఫ్రెంచిలో రాసిన రెండు వరుసల్లో తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు దొరికాయి. ఆ చేతిరాతకు కళ్లు అలవాటు పడటానికే చాలా రాత్రులు పట్టింది.

1788 అని తెలియగానే సగం కథ అర్థమైపోయింది. 1798లో వచ్చిన సైనిక నిర్బంధ చట్టం ప్రకారం ఇరవై నిండిన ప్రతి మగపిల్లాడి పేరూ జాబితాకు ఎక్కేది. దగ్గరి పట్నంలో అందరినీ నిలబెట్టి చీటీలు తీయించేవాళ్లు. చిన్న నంబరు వస్తే సైన్యానికి, పెద్ద నంబరు వస్తే ఇంటికి. డబ్బున్నవాళ్లు తమ బదులు ఇంకొకణ్ని కొని పంపొచ్చు. అది చట్టం ఒప్పుకున్న పద్ధతే, దానికి నోటరీ దగ్గర ఒప్పందం కూడా రాసుకునేవాళ్లు. 1788లో పుట్టినవాళ్లు 1808 తరగతి కిందికి వస్తారు. కానీ నెపోలియన్‌కు మనుషులు చాలక ఆ తరగతిని ఏడాది ముందే, 1807లోనే పిలిచేశాడు. అంటే పంతొమ్మిదేళ్ల పిల్లలు. వాళ్లతో లీల్, మెట్స్, రెన్, వెర్సాయ్, గ్రెనోబుల్ పట్టణాల్లో అయిదు రిజర్వ్ లీజియన్లు కట్టారు. ఇంటిదగ్గరే సరిహద్దులు కాస్తారని చెప్పి తీసుకున్న దళాలవి. ఏడాది తిరగకుండా స్పెయిన్‌కు నడిపించారు.

జిల్లా ఆర్కైవ్స్‌లో ఆ జాబితా దొరికింది. మన కుర్రాడికి చిన్న నంబరే వచ్చింది. వెళ్లిన దళం అయిదో రిజర్వ్ లీజియన్, గ్రెనోబుల్.

అక్కడే ఇంకొకటి దొరికింది, నేను ఊహించనిది. అప్పట్లో అన్న సైన్యంలో ఉంటే తమ్ముణ్ని జాబితాలో చివరికి జరిపే వెసులుబాటు ఉండేది. దానికి అన్న బతికి, కొలువులోనే ఉన్నాడని రుజువు చూపించాలి. చాలా కుటుంబాలు రుజువు కింద కొడుకు రాసిన ఉత్తరాన్నే ఆఫీసులో ఇచ్చేశాయి. ఆఫీసువాళ్లు దాన్ని తిరిగి ఇవ్వకుండా ఫైల్లో పెట్టేశారు. నెపోలియన్ కాలపు సాధారణ సైనికుల ఉత్తరాలు యూరప్ ఆర్కైవ్స్‌లో కొన్ని మిగిలాయంటే దానికి పెద్ద కారణం ఇదే. తమ్ముడి వంతు వచ్చినప్పుడు ఈ తండ్రి కూడా అలాగే ఒక ఉత్తరం ఇచ్చాడు. 1808 జూన్‌లో స్పెయిన్‌లోని టొలెడో నుంచి వచ్చిన ఉత్తరం.

మా తాతగారి ఉత్తరాల్లో ఉభయకుశలోపరి ఎలా తప్పేది కాదో, ఈ సైనికుల ఉత్తరాల మొదటి వాక్యమూ అంతే, ఎవరు రాసినా మారదు: మీ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకుందామని ఈ రెండు ముక్కలు రాస్తున్నాను, నా ఒంట్లో బాగానే ఉంది. ఆ తర్వాత రొట్టె ధర, ఎండ, కాళ్ల బొబ్బలు, పంపమని అడిగిన కాస్త డబ్బు. ఊళ్లో ఎవరెవరిని అడిగానని చెప్పాలో వాళ్ల పేర్లు వరసగా. యుద్ధం గురించి ఒక్క మాటా లేదు. ఉత్తరం చివర, అది రాసిపెట్టిన తోటి సైనికుడు కూడా తన నమస్కారాలు చేర్చి, తాను పక్క ఊరివాణ్నేనని, వీలైతే తన ఇంటికీ కబురు చెప్పమని కోరాడు. మామ్మగారికి ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పక్క ఊరి పేరు మళ్లీ చెప్పమన్నారు. ఆవిడ చిన్నప్పుడు సైకిల్ మీద వెళ్లిన ఊరే.

ఆ తర్వాత మెట్టు సైనిక రిజిస్టర్లు. అసలు పుస్తకాలు పారిస్ పక్కన వాన్సెన్ కోటలో ఫ్రెంచి సైనిక చరిత్ర విభాగం దగ్గర ఉన్నాయి. 1802 నుంచి 1815 దాకా పదాతి దళాలవి చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. పేరుతో వెతికితే వచ్చేస్తుందని అనుకోకూడదు. దళం తెలియాలి, చేరిన కాలం తెలియాలి, ఆ తర్వాత పేజీ పేజీ తిప్పుకుంటూ పోవాలి. పేజీకి కొంతమంది మనుషులు. ఒక్కొక్కరికీ వరస సంఖ్య, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, ఆ తర్వాత మనిషి రూపం: ఎత్తు, ముఖం, నుదురు, కళ్లు, ముక్కు, నోరు, గడ్డం, జుట్టు, కనుబొమ్మలు, ఇతర గుర్తులు. పారిపోతే పట్టుకోవడానికి ఆ వివరాలు.

మన కుర్రాడి ఎత్తు మిల్లీమీటర్లతో సహా రాశారు. కోల ముఖం, బూడిదరంగు కళ్లు, గోధుమరంగు జుట్టు, మశూచి మచ్చలు. ఫొటో లేని కాలపు మనిషి కళ్ల ముందుకు వచ్చినట్టే ఉంది. మామ్మగారికి ముఖ్యమనిపించింది మాత్రం కళ్ల రంగు. వాళ్ల నాన్నగారివీ బూడిదరంగు కళ్లేనట.

ఆ వరసలో చివరి గడి సైనికుడు దళాన్ని వదిలిన కారణం రాసేది. కొంతమందికి ఆసుపత్రి పేరు, చనిపోయిన తేదీ ఉంటాయి. కొంతమందికి పారిపోయాడని. స్పెయిన్, రష్యా వెళ్లిన దళాల పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే మాటలు వేరు: యుద్ధ ఖైదీ అయ్యాడు, వెనకబడిపోయాడు, చాలాకాలం కనబడనందున జాబితా నుంచి కొట్టివేయడమైనది. మన కుర్రాడి గడిలో ఉన్నది యుద్ధ ఖైదీ అన్న మాట, 1808 జులై. అంతే. పెదవి ఆకారం దాకా రాసుకుని తీసుకెళ్లిన మనిషి పట్టుబడ్డాక ఏమయ్యాడో రాయడానికి ఒక వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు. అది చదివిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

1808 జులై అంటే బైలేన్. ఫ్రెంచి జనరల్ దూపోన్ సైన్యం దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో స్పానిష్ సైన్యానికి లొంగిపోయిన చోటు. దూపోన్ మనుషులు జూన్‌లో కోర్డోబా నగరాన్ని దోచుకున్నారు. ఇళ్లు, చర్చిలు, ఆడవాళ్లు, దేన్నీ వదల్లేదు. తర్వాత ఫ్రెంచి ఖైదీల మీద అక్కడి జనం చూపించిన కసికి మూలం అదే. వెనకబడిన సైనికుణ్ని పల్లెల్లో చంపేసేవాళ్లు. ఖైదీల బాధ గురించి రాసేటప్పుడు కోర్డోబాను దాటవేయడం నాకు న్యాయంగా తోచదు. మామ్మగారూ అదే అడిగారు, మావాడు అక్కడ ఉన్నాడా అని. లేడు. అయిదో లీజియన్ జనరల్ వెదెల్ డివిజన్‌లో ఉంది. ఆ డివిజన్ జూన్ చివర్లో దెస్పెన్యపెర్రోస్ కనుమ దాటి వచ్చి చేరింది, అప్పటికి కోర్డోబా దోపిడీ ముగిసింది.

వెదెల్ మనుషుల కథే నన్ను ఎక్కువ రోజులు పట్టుకుంది. జులై 19న దూపోన్ మండుటెండలో, తాగడానికి చుక్క నీళ్లు లేకుండా, బైలేన్ ముందు ఒకదాని తర్వాత ఒకటి దాడులు చేసి ఓడిపోయి సంధి అడిగాడు. వెదెల్ అటువైపు నుంచి ఆలస్యంగా వచ్చి చేరాడు. వస్తూనే దాడి చేసి కొంతమంది స్పానిష్ సైనికుల్ని పట్టుకున్నాడు కూడా. ఆపమని కబురు వచ్చింది, ఆగాడు. తర్వాత అవకాశం చూసుకుని తన డివిజన్‌తో కనుమల వైపు తప్పుకున్నాడు. దారి తెరిచే ఉంది. అప్పుడు స్పానిష్ వాళ్లు అడ్డం తిరిగారు: వెదెల్ వెనక్కి రాకపోతే దూపోన్ మనుషుల్ని నరికేస్తాం అని. దూపోన్ ఉత్తర్వు పంపాడు. వెదెల్ డివిజన్ మొత్తం వెనక్కి నడిచి వచ్చి ఆయుధాలు కింద పెట్టింది. ఓడిపోని వాళ్లు, బయటపడిన వాళ్లు, తమ కాళ్లతో తాము నడిచి వచ్చి ఖైదీలయ్యారు. జులై 22న సంతకాలయ్యాయి. లొంగిన మొత్తం 17,000 పైమాటే.

ఒప్పందం ప్రకారం వాళ్లందరినీ ఓడల్లో ఫ్రాన్స్ పంపాలి. దూపోన్‌నూ ఇతర జనరల్స్‌నూ పంపారు. సైనికుల విషయంలో సెవిల్లా జుంతా, అంటే అక్కడి స్పానిష్ పాలక మండలి, మాట తప్పింది. కాదిజ్ రేవులో తెరచాపలూ స్తంభాలూ పీకేసిన పాత యుద్ధనౌకల్లో వాళ్లను కుక్కారు. టైఫస్, విరేచనాలు, దంతాలు ఊడే స్కర్వీ జబ్బు. పొద్దున్నే శవాల్ని నీళ్లలోకి వదిలేవాళ్లు. 1809 వసంతంలో మిగిలిన వేలమందిని మధ్యధరా సముద్రంలోని స్పెయిన్ దీవులైన బలియారిక్ దీవులకు తరలించారు. మయోర్కా జనం మాకొద్దని గొడవ చేస్తే, దాని దక్షిణాన ఉన్న కబ్రేరా అనే నిర్జన దీవిలో మే 5న దించడం మొదలుపెట్టారు. ఇల్లు లేదు, చెట్టు తక్కువ, చెప్పుకోదగ్గ నీటి ఊట ఒక్కటే. చుట్టూ కాపలా నౌకలు. తర్వాతి అయిదేళ్లలో ఇంకా ఖైదీలు వచ్చి చేరుతూనే ఉన్నారు.

నేను అక్కడికి వెళ్లాను. మయోర్కా దక్షిణ తీరంలో కొలోనియా దె సంత్ జోర్ది నుంచి పడవ. కబ్రేరా ఇప్పుడు జాతీయ పార్కు, 1991 నుంచి. రేవు మీద కొండకొమ్మున పాత కోట, కింద అద్దంలాంటి నీళ్లు, సెలవులకు వచ్చిన కుటుంబాలు. రేవు నుంచి లోపలికి నడిస్తే పొదల మధ్య 1847లో ఫ్రెంచి నౌకాదళం నిలబెట్టించిన స్మారక స్తంభం ఉంది, కబ్రేరాలో చనిపోయిన ఫ్రెంచివాళ్ల జ్ఞాపకార్థం అని. దాని పక్కన రాయి మీద కూర్చుని రొట్టె ముక్క విప్పానో లేదో, నల్లటి తొండలు నాలుగు వైపుల నుంచీ వచ్చేశాయి. బూటు మీదికెక్కి రొట్టెపొడి ఏరుకున్నాయి. మనిషంటే భయం లేదు వాటికి. ఖైదీలు పట్టుకుని తిన్నది వీటినే. ఎలుకలు అక్కడ డబ్బిచ్చి కొనుక్కునే సరుకు.

మయోర్కాలోని పాల్మా పట్టణం నుంచి రొట్టె, ఎండు చిక్కుడు గింజలు తెచ్చే పడవ నాలుగు రోజులకు ఒకసారి వచ్చేది. నాలుగు రోజుల రొట్టె ఒకేసారి చేతికిస్తే ఆకలి మీద ఉన్నవాడు మొదటి రోజే తినేసి మిగతా మూడు రోజులు గడ్డి పీక్కుని ఉడకబెట్టుకునేవాడు. 1810 మొదట్లో పడవ రావడం ఆలస్యమైంది. ప్రాణాలతో తిరిగొచ్చి అనుభవాలు రాసుకున్నవాళ్లందరూ ఆ రోజుల దగ్గర ఆగిపోతారు. ఊట దగ్గర తోపులాటలు మితిమీరితే ఖైదీలు తమలో ఒకణ్ని కాపలా పెట్టుకున్నారు. వాగ్రె అనే ఆ సైనికుణ్ని ఊట కార్పొరల్ అని పిలిచేవాళ్లు, తర్వాత తన అనుభవాలు అతనే రాశాడు. రాళ్లు పేర్చి గుడిసెలు కట్టుకున్నారు, మధ్యలో సంత పెట్టుకున్నారు, దానికి పారిస్‌లోని పాలే రోయాల్ పేరు పెట్టారు. చెంచాలు చెక్కి అమ్మారు. ఒక ఎండిపోయిన నీళ్ల తొట్టిలో నాటకాలు కూడా ఆడారు. నాటకం సంగతి చదివినప్పుడు మొదట నమ్మలేకపోయాను, ఆ దీవిలో మధ్యాహ్నపు ఎండలో ఒక పూట తిరిగాక నమ్మాను. అయిదేళ్లు ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది.

1810 వేసవిలో ఆఫీసర్లనూ సార్జెంట్లనూ స్పెయిన్‌కు మిత్రదేశమైన ఇంగ్లండ్ తీసుకెళ్లారు. వాళ్లలో కొందరు పోర్ట్‌చెస్టర్ కోటలో మళ్లీ నాటకశాల కట్టుకున్నారు. దాని నమూనా ఇప్పుడు అక్కడ మళ్లీ కట్టి చూపిస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఖైదీలకు ఎంత చెడ్డా ఒక లెక్క ఉండేది: రిజిస్టరు, పసుపుపచ్చ బట్టలు, ఊయల మంచం, రోజుకింత రొట్టె అని. మన కుర్రాడు మామూలు సిపాయి. అతనిలాంటి వాళ్లు దీవిలోనే మిగిలారు. నెపోలియన్ గద్దె దిగాక, 1814 మేలో ఫ్రెంచి ఓడలు వచ్చి తీసుకెళ్లినప్పుడు ప్రాణాలతో ఉన్నవాళ్లు నాలుగు వేల లోపే. అప్పటికి ఫ్రాన్స్ యుద్ధమంత్రి ఎవరంటే దూపోన్. నెపోలియన్ జైల్లో పెట్టిన మనిషిని కొత్త రాజు మంత్రిని చేశాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మామ్మగారు టీ కప్పు బల్ల మీద పెట్టి, మళ్లీ చెప్పు, ఎవరు అన్నావ్ అని అడిగారు.

కబ్రేరాలో చనిపోయినవాళ్ల పూర్తి జాబితా నా చేతికి ఎక్కడా దొరకలేదు. దొరికిన పేర్లలో అతను లేడు. ఇంకో దారి ఉంది: 1857లో నెపోలియన్ తమ్ముడి కొడుకు, అప్పటి చక్రవర్తి మూడో నెపోలియన్ పాత సైనికుల్లో బతికున్నవాళ్లందరికీ సెయింట్ హెలెనా పతకం ఇచ్చాడు, దాదాపు నాలుగు లక్షల మందికి. ఆ పేర్లు వెతకడం తేలిక. అందులోనూ లేడు. అయితే బతికుంటే అప్పటికి అతనికి అరవై తొమ్మిదేళ్లు, అంతకుముందే ఎప్పుడైనా పోయి ఉండొచ్చు కాబట్టి, లేకపోవడం వల్ల ఏమీ తేలదు.

తేల్చింది నోటరీ కాగితాలు. ఆలోచన మామ్మగారిదే: "పొలం పంచుకున్నప్పుడు ఏం చేశారో చూడు. రైతు కుటుంబంలో మనిషి లెక్క భూమి దగ్గర తేలుతుంది" అన్నారు. తండ్రి చనిపోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రాసుకున్న భాగపంపకాల పత్రం దొరికింది. అందులో పెద్దకొడుకు పేరు ఉంది, పక్కన సైన్యంలో చేరి కనబడకుండా పోయినవాడు అని. అతని తరఫున కూర్చుంది కోర్టు నియమించిన ఇంకొక నోటరీ. అప్పటి ఫ్రెంచి సివిల్ కోడ్ 113వ అధికరణం ప్రకారం, జాడ తెలియని మనిషికి వాటా రావాల్సి ఉంటే కోర్టు ఒక నోటరీని అతని ప్రతినిధిగా పెట్టాల్సి ఉండేది. ఇంటి ఉత్తరపు వైపు పొలం చెక్క, ఒక వాల్‌నట్ చెట్టు, తల్లి ఇచ్చిన దుప్పట్లలో రెండు అతని వాటాకు రాసిపెట్టారు. ముప్పై దాటి ఉండాల్సిన మనిషికి, చివరి ఉత్తరం వచ్చి పదేళ్లు దాటాక, దుప్పట్లు లెక్కపెట్టి పక్కన పెట్టారు.

ఇలాంటి కుటుంబాలు ఫ్రాన్స్ నిండా ఉండేవి. మరణ పత్రం లేకుండా భార్య మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు, తమ్ముడు పొలం అమ్మలేడు. ఆ చిక్కు విప్పడానికే 1817 జనవరి 13న ఒక చట్టం చేశారు. 1792 నుంచి 1815 దాకా యుద్ధాల్లో మాయమైన సైనికుల గురించి వారసులు కోర్టుకు అర్జీ పెట్టుకుంటే, అది న్యాయశాఖ ద్వారా యుద్ధమంత్రిత్వ శాఖకు వెళ్లి, బహిరంగ ప్రకటన వేసి, ఏ సమాధానమూ రాకపోతే కోర్టు తీర్పు చెప్పేది. మా వెతుకులాటలో చివరగా దొరికిన కాగితం అలాంటి తీర్పే. తమ్ముడు వేసిన అర్జీ మీద వచ్చింది. సాక్షుల్లో ఒకడు పక్క ఊరివాడు, అదే దళంలో పనిచేసి కబ్రేరా నుంచి తిరిగొచ్చినవాడు. మన కుర్రాణ్ని దీవిలో మొదటి చలికాలం దాకా చూశానని, ఆ తర్వాత చూడలేదని చెప్పాడు. టొలెడో నుంచి ఉత్తరం రాసిపెట్టింది ఇతనే అయ్యుండొచ్చని మామ్మగారి నమ్మకం. ఉత్తరంలో రాసినవాడి పేరు సగమే చదవగలిగేలా ఉంది. కనిపించిన అక్షరాలు సరిపోతున్నాయి. నేను అవునని గట్టిగా చెప్పలేను, కాదని అనాలనీ లేదు.

ఇప్పుడు పాల్మా ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాశాం. దీవికి రొట్టె పంపిన లెక్కలు, ఆసుపత్రికి తెచ్చిన ఖైదీల పేర్లు ఏవైనా ఉన్నాయేమో అడిగాం. స్పానిష్‌లో ఉత్తరం నేను రాశాను, కింద సంతకం మామ్మగారిది. ఆవిడ చెప్పగా చివర్లో ఇంకో వాక్యం చేర్చాను, పక్క ఊరి సాక్షి పేరు కూడా ఎక్కడైనా కనిపిస్తే దయచేసి తెలియజేయగలరని.